గిటార్ మీద గోధుమరంగు చారలు: ఇది అసలు ఎబొనీయేనా?

నెల్లూరు_తీగలు (పొగతోట)

అందరికీ నమస్కారం. చెన్నైలో ఒకాయన దగ్గర టేలర్ కంపెనీ గిటార్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఫింగర్‌బోర్డు (తీగల కింద వేళ్ళతో నొక్కే పట్టీ) ఎబొనీ అనే నల్లచెక్క అని కాగితాల్లో ఉంది. ఇంటికొచ్చి కిటికీ వెలుతుర్లో చూస్తే నిండు నలుపు కాదు. ఐదో ఫ్రెట్ (అడ్డంగా బిగించే సన్నటి లోహపు కడ్డీ) దగ్గర కాఫీపొడి రంగులో ఒక చార మొదలై వంకర తిరుగుతూ పన్నెండో ఫ్రెట్ దాకా పోయింది. పక్కనే సన్నటి బూడిదరంగు గీతలు. తడిగుడ్డతో తుడిస్తే చార ఇంకా బాగా తేలుతోంది. తీగలు కట్టే చెక్కముక్క, అదే బ్రిడ్జి, మాత్రం నల్లగానే ఉంది.

పాఠం చెప్పే మాస్టారు చూసి "ఎబొనీ అంటే కారునలుపుండాల, నిన్నెవరో బాగా ముంచారు" అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. అమ్మినాయన్ని అడగాలంటే మొహమాటంగా ఉంది. ఇది అసలుదేనా? ఈ చెట్టు ఎక్కడ పెరుగుతుంది? అడవుల్ని కొట్టేసి తెచ్చిన చెక్కయితే అదొక బాధ. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, ఎంత పొడుగున్నా చదువుతాను.

సంతపేట_శ్రుతి

తమ్ముడూ, నేను వయొలిన్ వాయిస్తాను. మా వాయిద్యాల మీద ఫింగర్‌బోర్డు, బిరడాలు అన్నీ ఎబొనీయే, అన్నీ నలుపే. చారలున్న చెక్క రెండో రకం అని మా గురువుగారి కాలం నుంచీ వింటున్నాం. వెనక్కి తీసుకునేటట్టుంటే ఇచ్చెయ్యి.

కావలి_బోటనీ

ఇచ్చెయ్యకండి. అసలుదే అయ్యుంటుంది. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను, అందుకని చెట్టు దగ్గర్నుంచి మొదలుపెడతాను.

ఎబొనీ అనేది ఒక్క చెట్టు కాదు. ఎబెనేసీ అని ఒక కుటుంబం ఉంది. అందులో డయోస్పైరోస్ ప్రజాతి చాలా పెద్దది, ఏడు వందలకు పైగా జాతులున్నాయి. మన తునికి చెట్టు అందులోదే, పళ్ళ కొట్లలో ఈమధ్య కనిపిస్తున్న పర్సిమన్ కూడా అందులోదే. వీటిలో కొన్నిటికి మాత్రమే లోపల నల్లటి చేవ కడుతుంది. మీ గిటార్ మీదున్నది చాలావరకు గాబన్ ఎబొనీ అయ్యుండాలి, శాస్త్రనామం డయోస్పైరోస్ క్రాసిఫ్లోరా. మధ్య ఆఫ్రికా వానాడవుల చెట్టు. కామెరూన్, గాబన్, కాంగో, నైజీరియా ఆగ్నేయ భాగం, అదీ దాని ఊరు.

పెద్ద చెట్ల నీడలో పెరుగుతుంది. ఇరవై, పాతిక మీటర్ల ఎత్తు పోతుంది కానీ అడవి పైకప్పును దాటి పైకి రాదు. బెరడు తీస్తే కనపడేది నలుపు కాదు, పాలిపోయిన తెల్లచెక్క. నలుపంతా నడుమనున్న చేవలో ఉంటుంది. ఆ చేవ కూడా గుండ్రంగా, ఒకే రంగుతో కట్టాలని లేదు. కొన్ని చెట్లలో గోధుమ, బూడిద రంగులు కలిసిపోయి ఉంటాయి. బయట నిలబడి చూస్తే లోపల ఏ రంగుందో చెప్పలేం, కొడితేనే తెలుస్తుంది. మీ చార ఆ చెట్టు పుట్టుకతో వచ్చిందే.

శ్రుతిగారూ, వయొలిన్ల మీద కనిపించే నలుపులో కొంత రంగు పూసిన నలుపు కూడా ఉంటుంది. చారలు కనపడకుండా ఎబొనీకే నల్లరంగు పట్టించడం ఆ పరిశ్రమలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ లెక్కన ఈ తమ్ముడి చెక్క ఉన్నదున్నట్టు కనపడుతున్న చెక్క.

నెల్లూరు_తీగలు

సార్, ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. అయితే బ్రిడ్జి ఎందుకు నల్లగా ఉంది?

కావలి_బోటనీ

అది ఇంకో దుంగలోంచి వచ్చిన ముక్క అయ్యుంటుంది, లేదా అదే దుంగలో నల్లటి భాగం. రెండూ మామూలే.

కావలి_టు_దువాలా

ఈ చర్చ చూసి పడుకోకుండా కూర్చుని రాస్తున్నాను. మాది కావలి, ఉద్యోగం కామెరూన్‌లో, దువాలా రేవు దగ్గర. ఎబొనీ మీద ఇక్కడ జరుగుతున్న పని గురించి మనవాళ్ళకు చెప్పాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

ముందు ఆ చెట్టున్న చోటు ఊహించుకోండి. దువాలాలో ఏడాదికి మూడున్నర వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. తూర్పున అడవుల్లో అంత లేకపోయినా మనవైపు చూడని పచ్చదనం. ఎబొనీ చెట్లు అక్కడ తోపులుగా ఉండవు. ఒకటి ఇక్కడుంటే ఇంకొకటి ఎక్కడో ఉంటుంది. అందుకని పెద్ద యంత్రాలతో వెళ్ళి వరసగా కొట్టే పని కాదది. మనుషులు కాలినడకన వెళ్ళి వెతుక్కుని, కొట్టి, అక్కడే దిమ్మెలుగా కోసి మోసుకొస్తారు. నీళ్ళలో వేస్తే మునిగిపోయే చెక్క. దాన్ని భుజాన పెట్టుకుని అడవి దారిలో నడవడమంటే ఏమిటో ఆలోచించండి.

ఇప్పుడు చారల సంగతి. టేలర్ గిటార్ కంపెనీ వాళ్ళు, స్పెయిన్‌కు చెందిన మాదింతెర్ వాళ్ళు కలిసి 2011 చివర్లో ఇక్కడి రాజధాని యావుందేలోని క్రెలికామ్ అనే ఎబొనీ మిల్లును కొన్నారు. టేలర్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన బాబ్ టేలర్ ఇక్కడికొచ్చి కొట్టేవాళ్ళను అడిగితే తెలిసిన విషయం: పది చెట్లు కొడితే ఒక్కటి నిండు నలుపు. తతిమ్మా తొమ్మిదింటికీ మార్కెట్లో ధర రాదు కాబట్టి అడవిలోనే పడేసి వచ్చేవారు. కొట్టిన చెట్టు కొట్టినట్టే నేల మీద కుళ్ళిపోయేది. వందేళ్ళు పెరిగిన మానును పడగొట్టి, రంగు నచ్చలేదని వదిలేసి ముందుకు పోవడం! నాకు ఈ సంగతి తెలిసిన రోజు అన్నం సయించలేదు.

ఆ తర్వాత ఆయన చారలున్న చెక్కను కూడా నల్లచెక్కతో సమానంగా కొంటామని చెప్పి, తన గిటార్ల మీద ఖరీదైనవాటితో సహా అదే వాడటం మొదలుపెట్టాడు. 2012లో ఒక వీడియోలో కొనేవాళ్ళకు నేరుగా ఈ సంగతి చెప్పాడు. 2014 జనవరిలో అమెరికా విదేశాంగ శాఖ ఈ పనికి అవార్డు ఇచ్చింది. నెల్లూరు తమ్ముడూ, నీ గిటార్ మీదున్న ఆ వంకర చార ఒకప్పుడైతే అడవిలోనే కుళ్ళిపోవాల్సిన చెక్క. దాన్ని దాచకు.

సంతపేట_శ్రుతి

చదివాను. కళ్ళు చెమర్చాయి. కానీ ఒక మాట అడగాలి. రంగు సంగతి అలా ఉంచితే, చారలున్నచోట చెక్క మెత్తగా ఉండి అరిగిపోదా? మేము రోజంతా వేళ్ళతో రుద్దే చోటు అది. వయొలిన్‌కు ఫ్రెట్లు కూడా ఉండవు, తీగ నేరుగా చెక్కకే తగులుతుంది.

కావలి_బోటనీ

మంచి ప్రశ్న. గోధుమ చార కూడా చేవే అయితే గట్టితనంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. చేవ దాటి తెల్లచెక్క కలిస్తే అది వేరే సంగతి. చూడాల్సింది రంగు కాదు, పోగు తిన్నగా ఉందా, పగుళ్ళున్నాయా, బాగా ఆరిందా అనేవి. చేవలోని నలుపంతా చెట్టు తన కణాల్లో నింపుకున్న పదార్థం. అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ.

ఇండొనేషియాలో సులవేసి దీవి ఎబొనీ, డయోస్పైరోస్ సెలెబికా, ఉంది చూడండి. దానికి పుట్టుకతోనే చారలు. జపాన్‌లో ఆ చారల కోసమే దాన్ని కొంటారు. ఒక దేశంలో లోపమైంది ఇంకో దేశంలో అందం. మనం ఏది అడుగుతామో అదే అడవిలోంచి వస్తుంది.

కరవది_నాదం

మాది ఒంగోలు దగ్గర కరవది. నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానాగారు పుట్టిన ఊరు. మా ఇంట్లో మూడు తరాలుగా నాదస్వరం ఉంది కాబట్టి చెక్క మాట వస్తే ఆగలేను. మా వాయిద్యం ఆచ్చా మానుతో చేస్తారు. మన మెట్ట అడవుల్లో నారేపి అంటారే, ఆ చెట్టే. తమిళనాడులో నరసింగంపేటలో చేసేవాళ్ళు కొత్త మాను ముట్టరు. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు, స్తంభాలు కొని, వాటినే తొలుస్తారు. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క కాబట్టి మళ్ళీ వంకర పోదు, పగలదు. నాదం కూడా అందులోంచే బాగుంటుంది.

ఇది చెప్పడం ఎందుకంటే, కొత్త చెట్టు కొట్టకుండా కూడా గొప్ప వాయిద్యం తయారవుతుంది. శ్రుతి మేడమ్, పాడైపోయిన పాత వయొలిన్ల ఎబొనీ భాగాలు తీసి మళ్ళీ వాడేవాళ్ళు ఎవరైనా చెన్నైలో ఉన్నారేమో చూడండి.

సంతపేట_శ్రుతి

మంచి ఆలోచన సార్. నా పాత వయొలిన్ బిరడాలు దాచే ఉంచాను.

ఉదయగిరి_చెక్కపని

నమస్తే. మా ఊళ్ళో చెక్క స్పూన్లు, గరిటెలు చేస్తాం, మీకందరికీ తెలిసే ఉంటుంది. నర్ది, బిక్కి, కలివి చెక్కలతో చేస్తాం. ఎబొనీ మా చేతికి ఎప్పుడూ రాలేదు. కానీ దువాలా అన్న రాసింది చదువుతుంటే మా సంగతే రాసినట్టుంది.

ఒక ముక్కలోంచి గరిటె తీసేటప్పుడు సగం లేతరంగు, సగం ముదురురంగు పడుతుంది. ఆకురాయితో రాసి, గరుకు కాగితం పట్టాక ఆ రెండు రంగులూ కలిసే గీత ఎంత బాగా తేలుతుందో! నాకు అదే ఇష్టం. ఎగ్జిబిషన్‌కు పోతే అదే మిగిలిపోతుంది. "ఆరూ ఒకే రంగువి ఇవ్వమ్మా" అంటారు. ఒకే రంగు సెట్టు కావాలంటే మేము ఎంత చెక్క పక్కన పడెయ్యాలో వాళ్ళకు తెలియదు. పనిచేసే ఆడవాళ్ళకు కూలి కూడా పోతుంది, ఎందుకంటే చేసిన పీసు అమ్ముడుపోతేనే డబ్బు.

గిటార్ కంపెనీ వాళ్ళు కొనేవాళ్ళకు చెప్పినట్టు మేమూ చెప్పుకోవాలి. ఈసారి స్టాల్లో రెండు రంగులవి ముందు వరసలో పెడతాను. పక్కన ఒక అట్టముక్క మీద, ఈ రంగు చెట్టు ఇచ్చిందే, ఏమీ కలపలేదు అని రాసి పెడతాను.

కావలి_టు_దువాలా

అక్కా, తప్పకుండా పెట్టండి. సెలవుకొచ్చినప్పుడు మీ దగ్గర ఇక్కడి స్నేహితులకోసం రెండు రంగుల సెట్లే తీసుకుంటాను.

గిద్దలూరు_అడవి

నేను అటవీశాఖలో చేసి రిటైరయ్యాను. నల్లమల, వెలిగొండ రెండూ తిరిగాను. అందరూ ఆఫ్రికా ఎబొనీ గురించి మాట్లాడుతున్నారు, మన ఇంటి ఎబొనీని ఎవరూ పలకరించలేదు.

మన తునికి కూడా ఎబొనీయే. డయోస్పైరోస్ మెలనోజైలాన్. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దొర 1795లో బొమ్మ వేయించి లోకానికి పరిచయం చేసిన చెట్టు అది, మన కోరమాండల్ తీరం చెట్టుగానే. మనకు తెలిసింది దాని ఆకు, బీడీ చుట్టడానికి. వేసవిలో లేతాకు కోసం పొదలు నరికి, చిగురు పట్టించి, కట్టలు కట్టి పంపుతారు. అలా ఏటేటా నరికితే అది పొదగానే ఉండిపోతుంది. మానైపోవాలంటే వదిలెయ్యాలి. వదిలేసినవి అడవి లోపల కొన్ని ఉన్నాయి. వాటి బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఎక్కడైనా గాలికి పడిన పెద్దమాను కోత చూస్తే బయటంతా లేత గులాబీ కలిసిన గోధుమ, నడుమన పిడికెడంత నలుపు, అదీ అంచులు సరిగా లేకుండా. ఆ పిడికెడు నలుపుతోనే పాతకాలంలో చేతికర్రలు, పటం కట్లు చేసేవారు.

పండు తిన్నవాళ్ళకు తెలుసు. కాయ పచ్చిగా ఉంటే నాలుక మొద్దుబారిపోయేంత వగరు. పండితే పసుపు రంగు, తియ్యగా, గుజ్జు గింజకు అంటుకుని ఉంటుంది.

ఇంకొకటి ఉల్లింద. ఉదయగిరి, పామూరు, కనిగిరి దారిలో రాళ్ళగుట్టల మీద ముళ్ళపొదలా ఉంటుంది. పిల్లలు చిన్న చిన్న పళ్ళు కోసుకుని తింటారు. అదీ ఈ కుటుంబమే, డయోస్పైరోస్ క్లోరోజైలాన్. దానికి నల్లచేవ కట్టదు కానీ చెక్క గట్టిది. మేకలు తిన్నా, మంట తగిలినా మళ్ళీ చిగురిస్తుంది.

సూళ్ళూరుపేట_చిత్తడి

గిద్దలూరు సార్ మాటకు ఒకటి కలుపుతాను. శ్రీహరికోట అడవి (2022 దాకా మన జిల్లానే, ఇప్పుడు తిరుపతి జిల్లా) ఎండాకాలంలోనూ ఆకు రాల్చని మెట్ట అడవి. పాలచెట్లు, అల్లి, నేరేడు వాటితోపాటు డయోస్పైరోస్ ఫెర్రియా అనే చిన్న చెట్టు అక్కడ ఉంది. తోలులా దళసరిగా చిన్న చిన్న ఆకులు, ఎర్రటి చిన్న పళ్ళు. బోన్సాయ్ పెంచేవాళ్ళు దీన్ని ఎంతో ఇష్టపడతారు. వానాడవి లేకపోయినా ఇసుకదిబ్బల మీద బతికే ఎబొనీ అది. రాకెట్ కేంద్రం వచ్చాక బయటివాళ్ళు కట్టెలకు పోవడం తగ్గి ఆ అడవి మిగిలింది.

కనిగిరి_మెట్టరైతు

అన్నలూ, అందరూ పెద్దోళ్ళున్నారు కాబట్టి నా సంగతి అడుగుతున్నా. మాకు ఆరెకరాల మెట్ట ఉంది. సుబాబుల్ వేశాం, జామాయిల్ వేశాం, కొట్టే టైముకు రేటు ఉండదు. ఈమధ్య ఫోన్లో ఒక నర్సరీవాళ్ళు మెసేజీ పెడుతున్నారు. ఆఫ్రికన్ ఎబొనీ మొక్కలంట. ప్రపంచంలోనే ఖరీదైన చెక్క, పదిహేనేళ్ళలో ఎకరానికి కోట్లు, వాళ్ళే కొంటారంట. మొక్క రేటు వందల్లో చెబుతున్నారు. ముందు సగం డబ్బు కట్టాలి. మా బావమరిది కట్టేద్దాం అంటున్నాడు. ఈ చర్చలో గాబన్ ఎబొనీ పేరు చూసి అడుగుతున్నా, వెయ్యొచ్చా?

గిద్దలూరు_అడవి

కట్టకయ్యా. ముందు ఫోను పక్కన పెట్టి బావమరిదిని ఆపు. వివరం కావలి సార్ చెబుతారు.

కావలి_బోటనీ

రైతన్నా, ఇది డబ్బు విషయం కాబట్టి విడమర్చి చెబుతాను.

ఆ చెట్టుకు కావలసింది నీడ, తేమ, ఏడాదిలో ఎక్కువ నెలలు వాన. లేతగా ఉన్నప్పుడు ఎండ సూటిగా పడితే తట్టుకోవడం కష్టం. కనిగిరి మే నెల ఎండ మీకు చెప్పనక్కర్లేదు. డ్రిప్పు పెట్టి బతికించినా నేల, గాలి మారవు కదా.

రెండోది కాలం. ఇది అతి నెమ్మదిగా పెరిగే చెట్టు. వాయిద్యాలకు పనికొచ్చే లావు రావాలంటే రెండు మూడు తరాల మాట. పదిహేనేళ్ళకు మీ దగ్గర ఉండేది గుంజంత లావు కర్ర, అందులో చేవ పడి ఉంటుందన్న నమ్మకం లేదు. చేవ ఎప్పుడు కడుతుంది, ఎంత కడుతుంది అనేది ఎవరూ హామీ ఇవ్వలేరు. కోట్లు అని చెప్పేవాడు దేన్ని చూసి చెబుతున్నాడో మీరే అడగండి.

మూడోది, మీకు వచ్చేది ఆ మొక్కే అని ఎలా తెలుస్తుంది? లేత మొక్కల దశలో ఈ ప్రజాతి జాతుల మధ్య తేడా చెప్పడం చదువుకున్నవాళ్ళకే కష్టం. తునికి మొక్కే ఆఫ్రికా పేరుతో ఇచ్చినా గుర్తుపట్టలేరు.

కావలి_టు_దువాలా

కనిగిరి అన్నా, ఇక్కడ కామెరూన్‌లో ఎబొనీ నాటేవాళ్ళు కూడా డబ్బు కోసం మాత్రమే నాటడం లేదు. 2016లో టేలర్ డబ్బుతో, యావుందేలోని కాంగో బేసిన్ ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో ఎబొనీ ప్రాజెక్టు మొదలైంది. మొదటి లక్ష్యం 15,000 మొక్కలు. పల్లెల్లో నర్సరీలు పెట్టి, ఊరివాళ్ళే పెంచి, వాళ్ళ పొలాల్లో, అడవి అంచుల్లో నాటుతున్నారు. ఎబొనీ ఒక్కటే ఇస్తే ఎవరు చూస్తారు? అందుకే దానితోపాటు పండ్ల మొక్కలూ ఇస్తారు. పండ్లు కొన్నేళ్ళకు ఇంట్లోకి, సంతకు. ఎబొనీ మనవళ్ళకు. నాటినవాళ్ళ పేరుతో ఆ చెట్టు నమోదు చేసి, హక్కు వాళ్ళదేనని కాగితం మీద ఉండేటట్టు చూస్తున్నారు. సొంత వాతావరణంలోనే ఇంత ఓపికతో చేస్తున్న పని అది. దాన్ని పదిహేనేళ్ళ స్కీముగా అమ్ముతున్నారంటే నాకు మండిపోతోంది.

చావడి_నిర్వహణ

నర్సరీ పేరు, ఫోన్ నంబరు ఇక్కడ పెట్టవద్దని మనవి. కనిగిరి రైతుగారు పేరు రాయకుండా అడిగారు, సంతోషం. చర్చ కొనసాగించండి.

కనిగిరి_మెట్టరైతు

చాలా థాంక్స్ అన్నలూ. బావమరిదికి అన్నీ చదివి వినిపించా. డబ్బు కట్టడం లేదు.

నెల్లూరు_తీగలు

దువాలా అన్నా, అడవిలో మామూలుగా విత్తనం పడి మొలకెత్తదా? ఎందుకు నాటాల్సి వస్తోంది?

కావలి_టు_దువాలా

అదే అన్నిటికంటే నన్ను కదిలించిన విషయం తమ్ముడూ. ప్రాజెక్టు మొదలైనప్పుడు ఈ చెట్టు గురించి శాస్త్రానికి తెలిసింది చాలా తక్కువ. పూత మీద ఎవరు వాలతారు, గింజ ఎవరు మోస్తారు అనేవి కూడా. అక్కడి పరిశోధకులు అడవుల్లో కెమెరాలు పెట్టి, గింజలు వెతికి, మొక్కలు లెక్కపెట్టి చూశారు. 2025లో ఆ ఫలితాలు సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చాయి.

ఎబొనీ పండు తిని గింజను దూరం మోసేది అడవి ఏనుగు. పండు చెట్టు కింద రాలి అక్కడే ఉంటే ఎలుకజాతి జంతువులు గింజను కొరికి తినేస్తాయి. ఏనుగు కడుపులోంచి పేడతో బయటపడిన గింజను అంత తేలిగ్గా ముట్టవు. పైగా తల్లి చెట్టుకు దూరంగా పడుతుంది. దంతాల కోసం ఏనుగుల్ని చంపేసిన అడవుల్లో చూస్తే లేత ఎబొనీ మొక్కలు దాదాపు 68 శాతం తక్కువ ఉన్నాయి. పెద్ద మానులు నిలబడే ఉంటాయి, చూసేవాళ్ళకు అడవి బాగున్నట్టే ఉంటుంది. కింద పిల్లమొక్క మాత్రం ఉండదు. గొడ్డలి పడకపోయినా ఆ చెట్టు తరం ఆగిపోతోంది. ఎబొనీని కాపాడాలంటే ఎబొనీని కొట్టకపోవడం ఒక్కటే చాలదు, ఏనుగు బతకాలి. ఒకప్పుడు పియానోల మీద తెల్లమెట్లు దంతంతో, నల్లమెట్లు ఎబొనీతో చేసేవారు. ఒకటి ఏనుగు నుంచి, ఇంకొకటి ఏనుగు గింజ మోసే చెట్టు నుంచి వచ్చాయి.

గిద్దలూరు_అడవి

అయ్యా, ఇది చదివి లేచి కూర్చున్నాను. మన దగ్గర తునికి పండుకు ఎలుగుబంటి ఉంది కదా! వేసవిలో నల్లమలలో దారి పక్కన ఎలుగు పెంట చూస్తే నిండా తునికి గింజలే. గోధుమరంగులో, నున్నగా, చంద్రవంకలా ఒక పక్క వంగి మెరుస్తూ ఉంటాయి. తొలకరి పడ్డాక అదే పెంటలోంచి మొలకలు రావడం నేను చూశాను. ఉదయగిరి కొండల్లోనూ ఎలుగులున్నాయి. పండ్లన్నీ మనమే దులిపేసుకుంటే దానికి తిండి లేక పొలాల్లోకి, ఊళ్ళోకి వస్తుంది. అడవిలో గింజ మోసేది కూడా తగ్గిపోతుంది.

ఎలుగు ఒక్కటే కాదు, పునుగుపిల్లి, నక్క కూడా తింటాయి.

ఉదయగిరి_చెక్కపని

మా దుర్గం వైపు ఎలుగు దిగిందంటే అందరం భయపడతాం సార్. మీరు చెప్పింది ఇంట్లో అందరికీ చెబుతాను.

ఇంకొకటి అడగాలి. తునికి చేవ పని చేస్తే ఒంటికి మంచిది కాదని మా మామ అనేవాడు. నిజమా?

కావలి_బోటనీ

నిజమే. ఈ ప్రజాతి చెట్లలో నాఫ్తోక్వినోన్లనే పదార్థాలుంటాయి. చెక్కపొడి చర్మానికి తగిలితే దురద, దద్దుర్లు రావొచ్చు. ముక్కుకు, కళ్ళకు పట్టదు. ఏ ఎబొనీ చెక్క పనిచేసినా మాస్కు, కళ్ళద్దాలు ఉండాలి. అసలు మీరు చేసే ఏ చెక్కకైనా మాస్కు కట్టుకోండి తల్లీ, రోజంతా పొడిలో కూర్చునే పని మీది.

కోటమిట్ట_పాతసామాను

చర్చ అటు పోతుండగా ఒక చిన్నమాట. పదిహేడో శతాబ్దంలో మన కోరమాండల్ తీరంలోనే యూరపువాళ్ళకోసం ఎబొనీ కుర్చీలు, సోఫాలు చేసేవారు. మెలితిప్పిన కాళ్ళు, ఒళ్ళంతా పూలచెక్కడం. వంద, నూటయాభై ఏళ్ళ తర్వాత ఇంగ్లండులో హొరేస్ వాల్పోల్ లాంటి పండితులు వాటిని చూసి తమ ట్యూడర్ రాజుల కాలం సామాను అనుకుని ఎగబడి కొన్నారు. అవి మన వడ్రంగుల పనితనమని తర్వాత తేలింది. ఇప్పుడవి బ్రిటన్ బంగళాల్లో, మ్యూజియంలలో ఉన్నాయి. చేసినవాళ్ళ పేరు ఒక్కటి కూడా వాటి మీద లేదు.

సంతపేట_శ్రుతి

ఇన్ని విన్నాక ఒక ప్రశ్న మిగిలింది. అసలు మనం కొత్త ఎబొనీ కొనవచ్చా? ఏనుగులు, వందేళ్ళ మానులు అంటుంటే కొనడానికి చెయ్యి రావడం లేదు.

కావలి_టు_దువాలా

మేడమ్, నా అభిప్రాయం చెబుతాను, అందరూ ఒప్పుకోనక్కర్లేదు. మడగాస్కర్‌లో ఎబొనీ దొంగకోత ఎక్కువై, 2013లో అక్కడి జాతుల్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ కిందికి తెచ్చారు. అట్లాంటి చోటినుంచి వచ్చే చెక్క దగ్గరికి పోకూడదు. ఎక్కడి చెక్కో చెప్పలేని అంగడిలో కొనవద్దు. కానీ పూర్తిగా కొనడం మానేస్తే ఆ మానుకు విలువ లేదని అడవినే నరికి కోకో, పామాయిల్ వేసే ప్రమాదమూ ఉంది. నాటుతూ, లెక్క చూపుతూ, చారలున్నదాన్ని కూడా వాడుతూ ఉన్నవాళ్ళ దగ్గర కొంటే అడవికి దగ్గర్లో ఉన్న పల్లెకు దాన్ని కాపాడుకునే కారణం ఉంటుంది.

సంతపేట_శ్రుతి

నాకింకా పూర్తిగా మనసొప్పలేదు. ఉన్న వయొలిన్ అరిగినా చెక్కించుకుని వాడుకుంటాను. కొత్తది మా శిష్యులకు కొనాల్సి వస్తే మాత్రం ఎక్కడి చెక్కో అడుగుతాను, చారలుంటే తీసుకోమని చెబుతాను.

నెల్లూరు_తీగలు

మాస్టారికి ఈ చర్చ మొత్తం చూపించాను. చాలాసేపు చార మీద వేలు పెట్టి చూస్తూ కూర్చున్నారు. ఇక నా గిటార్ ఎక్కడికీ పోదు. దీన్ని ఎలా చూసుకోవాలో చెప్పండి. మా గదిలో ఏసీ ఉంది.

కావలి_బోటనీ

రోజంతా ఏసీలో వదలకండి. ఎబొనీ బాగా ఎండితే కుంచించుకుపోతుంది. అప్పుడు ఫ్రెట్ల చివరలు అంచు దాటి బయటికొచ్చి చేతికి గీసుకుంటాయి, ఒక్కోసారి చెక్క కూడా చిట్లుతుంది. వాయించాక పెట్టెలో పెట్టండి. తీగలు మార్చినప్పుడు రెండు చుక్కలు ఫింగర్‌బోర్డు నూనె రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. నీళ్ళగుడ్డ వద్దు.

కనిగిరి_మెట్టరైతు

అన్నా, ఆ నర్సరీకి కట్టకుండా మిగిలిన డబ్బుతో పొలం గట్టు మీద మన చెట్లే వేద్దామని అనుకుంటున్నా. తునికి వెయ్యొచ్చా? పండు పిల్లలకన్నా ఉంటుంది.

గిద్దలూరు_అడవి

బ్రహ్మాండంగా వెయ్యి. మెట్టనేలకు పుట్టిన చెట్టు. కానీ సంచి మొక్క కొని నాటితే సరిగా రాదు, దాని తల్లివేరు లోతుకు పోతుంది, సంచిలో మెలి తిరుగుతుంది. గింజే నేరుగా పెట్టు. రిజర్వు అడవిలోకి పోయి కోయొద్దు, వేసవిలో సంతలో పండు అమ్మేవాళ్ళ దగ్గర కొను. బాగా పండినవి చూసి గుజ్జు తీసి, కడిగి, నీడలో ఆరబెట్టు. ఎక్కువ రోజులు దాచొద్దు. తొలకరికి గట్టు మీద గుంటకు రెండు మూడు గింజలు. మొదటి రెండేళ్ళు పైకి పెద్దగా కనపడదు, వేరు కిందికి పోతుంటుంది, చచ్చిపోయిందని పీకెయ్యకు. మేకలు రాకుండా ముళ్ళకంప వెయ్యి. ఒకసారి నిలదొక్కుకుంటే వేళ్ళనుంచే పిలకలు వేస్తుంది. ఆడ, మగ పూలు వేరు వేరు చెట్ల మీద ఉంటాయి కాబట్టి నాలుగైదు గుంటలతో సరిపెట్టకు, గట్టు పొడవునా వెయ్యి. మధ్యలో నేరేడు, సీతాఫలం పెట్టుకో, అవి ముందు కాపుకొస్తాయి.

కనిగిరి_మెట్టరైతు

అట్నే సార్. ఈ వేసవికి పామూరు సంతలో తునికిపళ్ళు వస్తే కొంటా. తొలకరికి గింజ పెట్టాక ఇక్కడే రాస్తా.